పిల్లల ఊబకాయం మీద పరిశోధనకు డబ్బు పెట్టాలా, ముందు ఆడుకునే చోటు చూపించాలా?

వైట్‌ఫీల్డ్ నాన్న: మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు వందల ఫ్లాట్లు, గోడ మీద 'బంతి ఆటలు నిషేధం' అని బోర్డు. మావాడికి పదేళ్లు. సాయంత్రం బంతి చంకలో పెట్టుకుని కిందికెళ్తాడు, సెక్యూరిటీ ఆయన అరిస్తే పది నిమిషాల్లో లిఫ్టెక్కి పైకొచ్చేస్తాడు. పిల్లలు ఎందుకు లావవుతున్నారో తెలుసుకోవడానికి సర్కారు సొమ్ముతో పరిశోధనా? రోజుకు 60 నిమిషాలు ఒళ్లలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పనే చెప్పింది. ఆ డబ్బుతో గ్రౌండ్లు కట్టమనండి.

లెక్కల అక్క: అంత తేలిక కాదండీ. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల 50కి పైగా బడుల్లో ఒక ప్రయోగం చేశారు. రోజుకు 30 నిమిషాలు అదనంగా ఆటలు, తల్లిదండ్రులకు వంట క్లాసులు, ఏడాది పాటు. 2018లో ఫలితం వచ్చింది: బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అది చూడకపోతే మనమూ అదే పథకానికి పేరు మార్చి, ఊరూరా పెట్టి కోట్లు పోసేవాళ్లం.

పీటీ మాస్టారు: అయితే ఆటలు దండగనా అమ్మా? బరువొక్కటే తూస్తే అలాగే ఉంటుంది. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో 2012లో ఒక హెడ్‌మిస్ట్రెస్ పిల్లల్ని రోజూ 15 నిమిషాలు బయట పరుగెత్తించడం మొదలుపెట్టారు. అదే 'డైలీ మైల్'. తర్వాత యూనివర్సిటీ వాళ్లొచ్చి కొలిస్తే పిల్లల్లో దమ్ము పెరిగింది. ముందు పని, తర్వాతే కొలత. ఇక నా సంగతంటారా, టైంటేబుల్లో వారానికి రెండు పీరియడ్లు నావి. సిలబస్ కాలేదని లెక్కల టీచరు అడుగుతారు, ఇచ్చేస్తాను. డిసెంబరు దాటితే నా విజిల్ బీరువాలోనే. దీని మీద పరిశోధన చేసేవాళ్లున్నారా?

లెక్కల అక్క: నేను డబ్బు అడిగేది అలాంటి పరిశోధనకే మాస్టారూ! (లెక్కల టీచరు నేను కాదు, ఒట్టు.) చెన్నైలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు ఆడపిల్లల కోసం 10 నిమిషాల డాన్స్ తయారుచేశారు, 'తాండవ్' అని. దానికి గ్రౌండే అక్కర్లేదు.

గోబీ బాధితుడు: డబ్బు ఎవరిదో కూడా అడగండి. తిండి కంటే వ్యాయామమే ముఖ్యమని అమెరికాలో ప్రచారం చేసిన శాస్త్రవేత్తల బృందం వెనక కోకా-కోలా సొమ్ముందని 2015లో బయటపడింది. ఆ ఏడాది ముగిసేలోపే దాన్ని మూసేశారు. కంపెనీల డబ్బుతో చేసే పరిశోధన నాకొద్దు. ఇక మన దగ్గర, బడి గేటు నుంచి 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి అమ్మకూడదని 2020లోనే రూల్ వచ్చింది. మా పాప బడి దగ్గర అడుగులేసి లెక్కపెట్టాను. ఇరవై రెండో అడుగులో గోబీ మంచూరియా బండి. నూనె చిటపటలు గేటు దాకా వినిపిస్తాయి.

వైట్‌ఫీల్డ్ నాన్న: సరే, సర్కారు డబ్బైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ గ్రౌండ్ మాట వదలను. అసోసియేషన్ మీటింగులో బోర్డు సంగతి ఎత్తాను. కారు అద్దాలు పగిలితే ఎవరిస్తారన్నారు. గంటసేపు వాదిస్తే స్పాంజి బంతికి పర్మిషన్ దొరికింది, ఆదివారం ఏడు నుంచి ఎనిమిది వరకు.