బండ పగిలిందా, విరిగిందా, చీలిందా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక మాట దగ్గర ఆగిపోయాను. భూమి లోపల రాళ్ళు ఎలా వంగుతాయి, ఎలా పగులుతాయి అన్నదాని మీద పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా, పొద్దున్నే హైదరాబాదు దాకా తెలిసింది. అక్కడ మొదలుపెట్టాను. తీరా చూస్తే మూడు పేరాల్లో 'పగులు' పద్నాలుగు సార్లు వచ్చింది. క్రాక్ అన్నా పగులే, ఫ్రాక్చర్ అన్నా పగులే, ఫాల్ట్ అన్నా పగులే. తెలుగులో వేరే మాటలు లేవా, నాకే తెలియవా?

మాస్టారు:
ఉన్నాయమ్మా, మనమే వాడటం మానేశాం. కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, కట్టె చీలుతుంది, అద్దం చిట్లుతుంది, గోడ బీటలు వారుతుంది, ఎండిన చెరువు నెర్రెలు విచ్చుతుంది. 'కర్ర పగిలింది', 'కుండ విరిగింది' అని చూడండి, చెవికి ఎక్కడో తేడా కొడుతుంది. పొడుగ్గా ఉన్నది వంగి వంగి రెండైతే విరగడం. గుండ్రంగానో ముద్దగానో ఉన్నది దెబ్బకి ముక్కలైతే పగలడం. లోపల ఉన్న వరస వెంబడి విడిపోతే చీలడం. ఇంకా నిలబడే ఉంది గానీ సందు పడిందంటే బీట. నెర్రె మాత్రం నాకు తెలిసి నేలకే. తడి ఆరి మట్టి ముడుచుకుపోతే వచ్చేది అది, దాన్ని రాతికి వాడకండి. వస్తువు ఆకారమేమిటి, ఎలా తెగింది అన్నవి రెండూ క్రియలోనే ఉన్నాయి. ఇంత సౌకర్యం పెట్టుకుని అన్నిటికీ 'పగులు' అనడం బద్ధకం. (మిమ్మల్ని కాదు, పత్రికల వాళ్ళని అంటున్నాను.)

కరీంనగర్ నుంచి:
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మాది గ్రానైట్ క్వారీ పని చేసిన ఇల్లు. మా తాత బండను 'పగలగొట్టడం' వేరు, 'చీల్చడం' వేరు అనేవాడు. పగలగొడితే కంకర వస్తుంది, చీలిస్తే స్తంభం వస్తుంది. చీల్చాలంటే రాయి వాటం చూసి, ఒకే గీత మీద వరసగా చిన్న చిన్న గుంటలు తొలిచి, వాటిలో ఇనుప మేకులు దించి, ఒక్కోదాని మీద ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోవాలి. తొందరపడి ఒకే మేకును బాదితే రాయి పాడవుతుంది. మూడు నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగాక దెబ్బ మోత మారుతుంది. ఖంగుమనే రాయి బొంగురుగా పలికితే లోపల విడిందని లెక్క.

ఇంజినీరింగ్‌లో చేరాక తెలిసింది దీని వెనక ఉన్న సంగతి. రాయి నొక్కుడుకి ఎంత మొండిదో లాగుడుకి అంత మెత్తన. నొక్కితే తట్టుకునే బలంలో సుమారు పదో వంతు కూడా లాగితే తట్టుకోలేదు. మేకు చేసేది అదే, నొక్కదు, రెండు పక్కలకీ లాగుతుంది.

జమ్మలమడుగు నుంచి:
మా వైపు నాపరాళ్ళు కదా, మేము 'బండ విరిగింది' అనే అంటాం. ఇంటిపైన పరిచిన బండ మీద బరువు ఎక్కువైతే నడిమికి విరుగుతుంది, అదీ అడుగు వైపు నుంచి. పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగాలని చూసి సాగలేక తెగుతుంది. పాత గుళ్ళలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకు ఉంటాయో ఈ బండను చూస్తే తెలుస్తుంది. రాతి దూలాన్ని ఎక్కువ దూరం వేస్తే నిలవదు.

అడిగినవారు:
అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. అంటే రాయి ఒకటే అయినా పలక అయితే విరుగుతుంది, గుండు అయితే పగులుతుంది, గీత వెంబడి అయితే చీలుతుంది. ఇది బాగుంది. ఇంకో చిక్కు: 'ఒత్తిడి వల్ల రాళ్ళు పగులుతాయి' అని రాశాను. సరేనా?

కరీంనగర్ నుంచి:
అక్కడే తప్పు దొర్లుతుంది అక్కా. అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కితే రాయి పగలదు, ఇంకా గట్టిపడుతుంది. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ అయినప్పుడే గొడవ. ఆఫీసులో ఒత్తిడి, సిలిండర్‌లో ఒత్తిడి, రాతిలో ఒత్తిడి అన్నీ ఒకే మాటైతే పిల్లలకి ఈ తేడా ఎలా తెలుస్తుంది? ఇంటర్ పుస్తకాల్లో పీడనం వేరు, ప్రతిబలం వేరు.

మాస్టారు:
ప్రతిబలం మంచి మాట. బయటి బలానికి వస్తువు లోపల నుంచి ఎదురు నిలిచే బలం, దాన్ని వైశాల్యంతో భాగిస్తే ప్రతిబలం. నిర్వచనం మాటలోనే ఉంది. దాని జంట 'వికృతి', ఆకారంలో వచ్చిన మార్పు. ఇది నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే బళ్ళో ప్రకృతి–వికృతి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది. ఆశ్చర్యం నోళ్ళలో నలిగి నలిగి అచ్చెరువు అయింది, అద్భుతం అబ్బురం అయింది. మాట విరగలేదు, సాగింది. రాయీ అంతే కదా?

కరీంనగర్ నుంచి:
అంతే మాస్టారూ, కానీ లోతు ఉండాలి, వేడి ఉండాలి, ముఖ్యంగా టైమ్ ఉండాలి. గ్రానైటులోని పలుగురాయి 300 డిగ్రీల వేడి దగ్గర నిదానంగా సాగడం మొదలుపెడుతుంది. ఖండాల కింద ఇది సుమారు 10–15 కిలోమీటర్ల లోతు మాట. అంతకు పైన రాయి పెళుసు, కింద సాగుడు. ఖండాల్లో వచ్చే భూకంపాలు ఎక్కువగా ఆ పై భాగంలోనే పుడతాయి.

అడిగినవారు:
'సాగుడు' అనొచ్చా? పుస్తకంలో 'తాంతవత' ఉంది.

మాస్టారు:
తాంతవత తంతువు నుంచి వచ్చింది. రాగిని తీగ తీయగలం, సరిపోయింది. రాయిని ఎవరు తీగ తీస్తారమ్మా? సాగే గుణం అనండి. పెళుసు ఎలాగూ మన మాటే, పెళుసు బెల్లం, పెళుసు మాట.

మధ్యలో ఒకరు:
మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. రాళ్ళ విషయంలో తిరగేసి చెప్పాలేమో, లోతుకి పోతే బండ కూడా వంగుతుంది!

జమ్మలమడుగు నుంచి:
వంగిన రాయిని చూడాలంటే నల్లమలకు రండి, పొరలు దుప్పటి ముడతల్లా ఉంటాయి. పగిలిన రాయిని చూడాలంటే మా గండికోట. పెన్న రెండు వైపులా పొరలు పడుకున్నట్టు ఉంటాయి, వాటిని నిలువు బీటలు కోసుకుంటూ పోతాయి, ఎవరో పేర్చిన గోడలా. ఇక్కడ ఒకటి గమనించండి. బీటకి ఇవతలి పొర, అవతలి పొర ఒకే వరసలో ఉంటే అది ఉత్త బీట. వరస తప్పి ఒకటి పైకో కిందికో పోయిందంటే అది ఫాల్ట్. మీరు రెండిటినీ 'పగులు' అన్నారు, భూకంపం తెచ్చేది రెండోదే.

అడిగినవారు:
దాన్ని 'భ్రంశం' అంటున్నారు భూగోళం పుస్తకాల్లో. అది మార్చేద్దామనుకున్నాను, నోరు తిరగడం లేదు.

మాస్టారు:
మార్చకండి. భ్రంశం అంటే జారడం, తప్పడం. స్థానభ్రంశం, అపభ్రంశం అన్నీ ఆ ఇంటివే. ప్రాజెక్టు కింద ఊరు పోయినవాళ్ళని అడిగితే స్థానభ్రంశానికి అర్థం చెబుతారు. ఉన్న చోటు తప్పడమే అసలు సంగతి, తెగడం కాదు. మొదటిసారి వచ్చినప్పుడు పక్కన ఒక ముక్కలో వివరించండి చాలు.

అడిగినవారు:
ఇప్పుడు ఇలా రాశాను, చూడండి: 'పెళుసుగా ఉన్న పై భాగంలో ప్రతిబలం పెరిగి పెరిగి, బండ తట్టుకోలేక తెగుతుంది. ఎప్పుడో తెగి ఉన్న చోటైతే అక్కడే ఒక్కసారిగా జారుతుంది. ఆ జారిన గీతే భ్రంశం. ఆ కుదుపే మన ఇళ్ళ దాకా వచ్చేది.'

కరీంనగర్ నుంచి:
చాలా బాగుంది అక్కా. ఒక్క 'జారుతుంది' దగ్గర ఆగాను. జారడం కిందికే కదా? కొన్ని చోట్ల రాయి పక్కకి పోతుంది, కొన్ని చోట్ల పైకి ఎక్కుతుంది. 'జరుగుతుంది' అంటే ఎటైనా సరిపోతుంది.

అడిగినవారు:
'రాయి జరిగింది' అని రాస్తే మా అమ్మాయి 'రాయికి ఏం జరిగింది?' అంటుంది!

మాస్టారు:
'చోటు తప్పి జరిగింది' అని రాయండి. భ్రంశం కూడా అందులోనే వచ్చేస్తుంది.