చుక్కాని దించాలా, పడవను ఒరిగించి తిప్పాలా?

ఉప్పుగాలి: సియాటెల్‌లో ఉంటాను. సాన్ వాన్ దీవుల వైపు సీ కయాక్ (సముద్రంలో తెడ్డుతో నడిపే సన్నటి పడవ) వేసుకెళ్తుంటాం. నా పడవకు చుక్కాని ఉంది, కానీ నేర్పే ఆయన దాన్ని దించనివ్వరు. ఒరిగించి తిప్పమంటారు. పక్కగాలిలో ఇది అనవసరపు కష్టం అనిపిస్తోంది. మీరేమంటారు?

గోదారోడు: ఆయన చెప్పిందే సరి అన్నా. కుడికి ఒరిగిస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. ఒరిగినప్పుడు రెండు కొనల మీద నీటి పట్టు తగ్గుతుంది, అందుకే. చాలామంది మొండెం మొత్తం నీటి మీదికి వాల్చేస్తారు, అది వద్దు. తుంటితో, మోకాలితో పడవను మాత్రమే ఒరిగించాలి, తల పడవ మీదే ఉండాలి. మొదటి రోజు నుంచీ చుక్కానికి అలవాటుపడితే ఈ ఒడుపు రాదు. చుక్కానిని తిప్పే తీగ తెగిన రోజు ఏం చేస్తారు?

తీరందాటి: మలుపుల వరకు ఒప్పుకుంటా. కానీ ఆయన అడిగింది పక్కగాలి గురించి. ముందుకు సాగే పడవ ముక్కును నీటి ఒత్తిడి పట్టి ఉంచుతుంది, వెనక భాగం వదులుగా ఉంటుంది. గాలి ఆ వెనక భాగాన్ని నెట్టేసరికి ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. చుక్కాని అసలు పని దీన్ని ఆపడం. గంటల తరబడి ఒకే పక్కకు ఒరిగి, ఒకే పక్క తెడ్డు గట్టిగా లాగుతూ పోతే నడుము, భుజం పట్టేస్తాయి. 2009లో ఒంటరిగా ఆస్ట్రేలియాను చుట్టివచ్చిన ఫ్రేయా హోఫ్‌మైస్టర్ పడవకు చుక్కాని ఉంది. ఆవిడ గ్రీన్‌లాండ్ పద్ధతి రోలింగ్‌లో (బోల్తాపడిన పడవను లోపల కూర్చునే తిరిగి లేపడంలో) దిట్ట. ఒరిగించడం రాక పెట్టుకున్నది కాదు.

గోదారోడు: ఒడుపంతా వచ్చాక పెట్టుకున్నారు, నేననేదీ అదే. పెద్ద అలల మీద వెనక భాగం పైకి లేస్తే చుక్కానికి నీరే అందదు. చుక్కానిని తిప్పే పాతరకం పెడళ్లు కాలికింద జారుతుంటాయి, కాలికి ఆనిక లేకపోతే తెడ్డులో బలం ఉండదు. సాయం కావాలంటే స్కెగ్ (పడవ వెనక అడుగున ఎత్తి దించే, పక్కలకు తిరగని రెక్క) చాలు. ఎత్తేస్తే ముక్కు గాలివైపు, పూర్తిగా దించితే గాలివాలుకు, సగం దించితే నేరుగా.

తీరందాటి: ఆ స్కెగ్ పెట్టెలో గులకరాయి ఇరుక్కుంటే లోపల కూర్చున్నవాడు తీసుకోలేడు, పక్క పడవవాడు రావాలి. కొత్తరకం పెడళ్లలో మడమ కదలదు, వేళ్లతో నొక్కితే చాలు. ఉప్పుగాలి గారూ, గాలి లేని రోజు ఒరిగించడం సాధన చేయండి. జలసంధి దాటే రోజు మొహమాటం లేకుండా చుక్కాని దించండి.

గోదారోడు: ఆ దీవుల పక్కనున్న హారో జలసంధిలో ఓడలు తిరుగుతాయి, ప్రవాహం బలంగా ఉంటుంది. ఆ రోజు గాలిలో చుక్కాని ఎత్తి కాసేపు నడిపి చూడండి. పడవ మీ మాట వినకపోతే దాటొద్దు.