కడుపులోని బిడ్డకు రక్తం ఎక్కించాలంటే తండ్రి రక్తం ఎందుకు పనికిరాదు?

ప్రశ్న (వరంగల్ నుంచి)

నా భార్యది ఓ నెగెటివ్, నాది బి పాజిటివ్. మొదటి కాన్పు అయ్యాక ఆమెకు యాంటీ-డి ఇంజెక్షన్ వేయలేదు. ఇప్పుడు రెండో కాన్పు, 25వ వారం నడుస్తోంది. కూంబ్స్ పరీక్ష (తల్లి రక్తంలో ఎర్రకణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది) పాజిటివ్ వచ్చింది. డాప్లర్ స్కాన్‌లో బిడ్డ మెదడులోని రక్తనాళంలో ప్రవాహ వేగం హెచ్చుగా ఉందనీ, హైదరాబాదు వెళ్లి గర్భంలోనే రక్తం ఎక్కించుకోవలసి రావచ్చుననీ డాక్టరు గారు చెప్పారు. నా రక్తం ఇస్తానంటే వద్దన్నారు. పైగా బిడ్డది పాజిటివ్ గ్రూపే అయి ఉంటుందంటూనే నెగెటివ్ రక్తం ఎక్కిస్తామనడం మా పెద్దవాళ్లకు మింగుడుపడడం లేదు. ఇప్పుడైనా యాంటీ-డి వేయిస్తే సరిపోదా?

సమాధానం 1 (రక్తనిధి వైద్యుడు)

మొదటి కాన్పులో బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలిసినప్పుడు ఆమె శరీరంలో డి కారకానికి (ఎర్రకణాల మీద ఇది ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్) వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారయ్యాయి. అవే ఇప్పుడు మాయ గుండా బిడ్డలోకి చేరి, బిడ్డ ఎర్రకణాలను నాశనం చేస్తున్నాయి. మీ రక్తంలోనూ అదే డి కారకం ఉంది కనుక, మీరిచ్చిన కణాలకూ అదే గతి పడుతుంది. అదీగాక మీది బి గ్రూపు. ఓ గ్రూపు తల్లిలో బి కి వ్యతిరేకమైన యాంటీబాడీలు పసితనం నుంచే సహజంగా ఏర్పడి సిద్ధంగా ఉంటాయి. ఓ నెగెటివ్ కణాల మీద ఈ రెండూ లేవు కనుక అవి నిలుస్తాయి. అందుకే దాత రక్తాన్ని బిడ్డ రక్తంతో కాక తల్లి రక్తంతో క్రాస్‌మ్యాచ్ చేస్తాము (కలిపి, సరిపడుతుందో లేదో చూస్తాము).

గ్రూపు కలిసినా దగ్గరి బంధువుల రక్తం వద్దంటాము, ఎందుకంటే దాతలోని తెల్లకణాలు బిడ్డ శరీరంలో నిలదొక్కుకుని బిడ్డ కణజాలం మీదనే దాడి చేసే ప్రమాదం బంధువుల రక్తంతో మరింత ఎక్కువ. దాని నివారణకే ఈ రక్తానికి తప్పనిసరిగా రేడియేషన్ ఇస్తారు. యాంటీబాడీలు ఏర్పడక ముందే యాంటీ-డి పనిచేస్తుంది, ఏర్పడ్డాక దానివల్ల ఉపయోగం లేదు.

సమాధానం 2 (గర్భస్థ శిశు వైద్య నిపుణురాలు)

ప్రవాహ వేగం ఆ వారానికి ఉండవలసిన మధ్యస్థ విలువకు 1.5 రెట్లు దాటితే రక్తహీనత ఒక మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ ఉన్నట్టు అనుమానిస్తాము. స్కాన్‌లో చూస్తూ తల్లి పొట్ట మీదుగా సన్నని సూదిని, సాధారణంగా బొడ్డుతాడు మాయను కలిసే చోట ఉన్న సిరలోకి పంపి, ముందు బిడ్డ హిమోగ్లోబిన్ చూసి, ఆ తరువాతే ఎక్కిస్తాము. బిడ్డ కదిలితే సూది జారుతుంది కనుక కాసేపు కదలకుండా మందు ఇస్తాము. ఆ మాట వినగానే తల్లులు భయపడతారు. దాని ప్రభావం కొద్దిసేపే. బిడ్డలో చోటు తక్కువ కనుక రక్తాన్ని బాగా చిక్కగా, కొన్ని పదుల మిల్లీలీటర్లే ఇస్తాము. 1963లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో డాక్టర్ విలియం లైలీ మొదటిసారి చేసినప్పుడు బిడ్డ కడుపు కుహరంలోకి ఎక్కించారు. ఇప్పుడు నేరుగా సిరలోకే. ప్రమాదం అసలే లేదనను, కానీ బిడ్డ ఒళ్లు నీరు పట్టకముందే వస్తే ఫలితాలు చాలా మెరుగు. వాయిదా వేయకండి.

సమాధానం 3 (గుంటూరు నుంచి ఒక తల్లి)

మా పాపకు ఇలాగే చేశారు. పుట్టాక పరీక్షిస్తే ఓ నెగెటివ్ అని వచ్చింది! ఒంట్లో ఉన్నదంతా దాతల రక్తమే కనుక అలా చూపిందనీ, అసలు గ్రూపు కొన్ని నెలలకు తెలుస్తుందనీ చెప్పారు. కామెర్లు తగ్గాయని నిశ్చింతగా ఉంటే, రెండో నెలలో హిమోగ్లోబిన్ పడిపోయి మళ్లీ రక్తం ఎక్కించారు. రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జ ఆలస్యంగా మేలుకోవడం వల్ల ఇది మామూలేనట. మా అత్తగారు ఐరన్ చుక్కలు వేయమన్నారు గానీ, ఎక్కించిన రక్తం వల్ల ఇనుము అప్పటికే ఎక్కువగా ఉందని డాక్టరు ఫోలిక్ యాసిడ్ మాత్రమే రాశారు. అన్నయ్యగారూ, డిశ్చార్జి కాగితంలో గర్భంలో ఎన్నిసార్లు, ఎప్పుడు ఎక్కించారో తప్పక రాయించుకోండి, మొదటి మూడు నెలలు వారం, రెండు వారాలకొకసారి రక్త పరీక్ష మానకండి.