పాజిటివ్‌గా ఉండమంటారు సరే, రోజంతా చేసేదేంటి?

నీలిగొడుగు
రిటైరై ఎనిమిది నెలలైంది. వయసు 62. డబ్బుకి ఇబ్బంది లేదు, ఒంట్లో పెద్ద జబ్బూ లేదు. అయినా పొద్దున పదకొండు దాటితే చాలు, ఇక ఆ రోజు అయిపోయినట్టే ఉంటుంది. పేపరు రెండుసార్లు చదువుతున్నాను, మూడోసారి ప్రకటనలతో సహా. పిల్లలకి ఫోన్లో చెప్తే "పాజిటివ్‌గా ఉండు నాన్నా" అంటారు. అదెలాగో మాత్రం ఎవరూ చెప్పరు. నాకంటే ముందు ఈ దశ దాటినవాళ్లుంటే మీరేం చేశారో రాయండి. సూక్తులు మాత్రం వద్దు. పొద్దున్నే ఫోన్‌కి వచ్చేవే చాలు.

రెండోగంట
నాకు 68. నేను మనసు జోలికి పోలేదండీ, కాళ్లతో మొదలుపెట్టాను. రెండేళ్ల కిందట సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. రోజూ నడుస్తున్నాను కదా, ఇదేంటి అనుకున్నాను. ఫిజియోథెరపిస్టు ఒకటే అడిగారు: "నడక సరే, బరువు ఎప్పుడు మోశారు?"

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 65 దాటినవాళ్లకు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చెప్పారు. మనలో చాలామంది అక్కడితో ఆగిపోతాం. దాంతో పాటు కండరాల బలానికి వారంలో కనీసం రెండు రోజులు, తూలకుండా నిలబడటానికి మూడు రోజులు వ్యాయామం ఉండాలని కూడా అందులోనే ఉంది. "ఈ వయసులో కండలేంటి" అని నేనూ అన్నాను. 1990లో ఒక ప్రయోగం చేశారు. వృద్ధాశ్రమంలో ఉండే, 90 ఏళ్లు అటూ ఇటూ ఉన్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసినవాళ్లకు కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అది చదివాక నోరు మూసుకుని మొదలుపెట్టాను.

ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకుంటాను, ఒక చెయ్యి సింకు మీద ఉంచి. మనవడు కొంగమ్మమ్మ అని పేరు పెట్టాడు. చేతులు ఆనించకుండా లేచిన మొదటి రోజు ఎవరికీ చెప్పలేదు. నిజమేనా అని నాలుగుసార్లు కూర్చుని లేచాను.

గాలిపటం
ఫౌజా సింగ్‌ని గుర్తు చేసుకోండి సార్! 89 ఏళ్లకు తొలి మారథాన్, 2011లో వందేళ్ల వయసులో టొరంటో మారథాన్. వయసు ఒక అంకె మాత్రమే!

చెవులపిల్లి
గాలిపటం గారూ, సూక్తులు వద్దన్నారు కదండీ ఆయన :)

నా కథ వేరు. 71 ఏళ్లు. నలుగురిలోకి వెళ్లడం మానేశాను, ఎవరితోనూ పడేది కాదు, ఇదంతా వయసుతో వచ్చే చిరాకు అనుకున్నాను. అసలు సంగతి చెవులు. ఎవరేం మాట్లాడినా నోట్లో గొణుగుతున్నట్టే ఉండేది. పక్కవాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. ఒకసారి అలాగే నవ్వాను. తీరా చూస్తే అవతలాయన తన ఆపరేషన్ గురించి చెప్తున్నారు. ఆ రోజు నుంచి ఎవరింటికీ వెళ్లలేదు.

మిషన్ పెట్టుకోమంటే నాలుగేళ్లు మొండికేశాను, ముసలాడిలా కనపడతానని. (అప్పటికి పడుచువాడిలా కనపడుతున్నట్టు!) చివరికి పెట్టుకున్నాను. మొదటి రోజు ఇంట్లో ఎవరో వెంట నడుస్తున్నారని రెండుసార్లు వెనక్కి తిరిగాను. నా చెప్పుల చప్పుడే. పేపరు తిప్పితే డబ్బా రేకు చింపినట్టు వినిపించింది. వారానికల్లా తీసి సొరుగులో పడేశాను.

ఇక్కడే చాలామంది వదిలేస్తారు. కళ్లజోడులా పెట్టుకోగానే అయిపోయేది కాదిది. మర్చిపోయిన శబ్దాలకు మెదడు మళ్లీ అలవాటు పడాలి, దానికి కొన్ని వారాలు పడుతుంది. మా ఆవిడ లాక్కెళ్లి మళ్లీ సరిచేయించింది, మొదట్లో రోజుకి రెండు గంటలే పెట్టుకున్నాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం తగ్గించుకోగల కారణాలు 14 ఇచ్చారు. అన్నిటినీ జీవితాంతం అదుపులో పెట్టగలిగితే సుమారు 45 శాతం కేసులు ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. వినికిడి లోపం వాటిలో ఒకటి, ఒంటరితనం ఇంకొకటి. నేను మొదటిదాన్ని దాచి రెండోదాన్ని తెచ్చుకున్నాను.

నీలిగొడుగు
చెవులపిల్లి గారూ, పక్కవాళ్లు నవ్వితే నవ్వడం నాకూ అలవాటే. రేపే చూపించుకుంటాను.

ఒంటిచెట్టు
అందరికీ కొంచెం అడ్డం వస్తున్నాను, ఏమనుకోవద్దు. ఫౌజా సింగ్ పేరు ఎత్తినవాళ్లు ఆయన ఎందుకు పరుగెత్తాడో కూడా చెప్పాలి. కళ్లెదుటే కొడుకు పోయాక, 80 దాటిన వయసులో, ఆ దుఃఖం తట్టుకోలేక పరుగు పట్టుకున్నాడు. జనన ధ్రువపత్రం లేక గిన్నిస్ వాళ్లు రికార్డు కూడా రాసుకోలేదు.

నా భార్య పోయి మూడేళ్లు. మొదటి ఏడాది వచ్చినవాళ్లందరూ "ధైర్యంగా ఉండండి, ఏదో ఒకటి చేస్తూ ఉండండి" అన్నారు. ఆ రోజుల్లో ఎవరైనా కుర్చీలోంచి లేచే వ్యాయామం చెప్పి ఉంటే కుర్చీ విసిరేసేవాణ్ణి. ఏడుపు రాలేదు నాకు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ, ఒళ్లు నొప్పులు, తిండి సయించకపోవడం. పరీక్షల కోసం వెళ్తే డాక్టరు డిప్రెషన్ అన్నారు. పెద్దవాళ్లలో అది చాలాసార్లు దిగులుగా కాక ఇలా ఒంటి నొప్పుల రూపంలో బయటపడుతుందట. థైరాయిడ్, బి12 కూడా చూశారు, అవి తగ్గినా మనిషి ఇలాగే నీరసపడతాడు కాబట్టి. మందులు, మాటలు కలిసి ఆరు నెలలకు తేరుకున్నాను.

నీలిగొడుగు గారూ, మీది అదే అనడం లేదు. కానీ ఇష్టమైనవి కూడా రుచించకుండా రెండు వారాలు దాటితే వ్యాపకం వెతుక్కునే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది వయసుతో వచ్చే మామూలు సంగతి కాదు.

గాలిపటం
క్షమించండి సార్. ఆ సంగతి తెలియదు.

అమ్మకూతురు
నాకు 39, ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని. పిల్లల తరఫున ఒక తప్పు ఒప్పుకోవాలి. 74 ఏళ్ల అమ్మ మా ఇంటికొచ్చాక ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. "నువ్వు కూర్చో అమ్మా, నేను చూసుకుంటా" అనేదాన్ని, ప్రేమగానే. ఆరు నెలల తర్వాత ఒకరోజు "ఆ కిటికీ తెరవనా?" అని నన్ను అడిగింది. ముప్పై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి!

1976లో లాంగర్, రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం గురించి అప్పుడు చదివాను. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకి ఒక్కో మొక్క ఇచ్చి, దాన్ని మీరే చూసుకోవాలి, మీ గది మీ ఇష్టం అన్నారు. ఇంకో అంతస్తులో మొక్క ఇచ్చి నీళ్లు సిబ్బందే పోస్తారన్నారు. మూడు వారాల్లో మొదటివాళ్లు ఎక్కువ హుషారుగా, చురుగ్గా కనిపించారు. చిన్న అధ్యయనమే, కానీ నాకు చెంపదెబ్బలా తగిలింది.

ఇంటి బిల్లులన్నీ అమ్మకి అప్పగించాను, ఫోన్లో కట్టడం నేర్పి. మొదటి నెల కరెంటు బిల్లు రెండుసార్లు కట్టేసింది. నేను కిక్కురుమనలేదు. తర్వాత నెల తనే "ముందే కట్టాం కదే, ఈసారి తక్కువొచ్చింది" అంది. ఇప్పుడు లైటు ఆర్పకుండా వెళ్తే నాకు క్లాసు పీకుతోంది.

కొత్తశిష్యుడు
66లో వయొలిన్ మొదలుపెట్టాను. మా టీచరుకి 24. నేను మేడమ్ అంటాను, ఆవిడ సార్ అంటుంది, పాఠం మాత్రం నిర్దయగా చెప్తుంది. మొదటి మూడు నెలలు నూనె లేని తలుపు బందు చప్పుడు. ఇంట్లోవాళ్లు వాకింగ్ వేళలు మార్చుకున్నారు.

ఉన్న మాట చెప్తున్నాను, తొందరగా రాదు. ఈ వయసులో మెదడు వేగం తగ్గుతుంది, పదసంపద మాత్రం నిలకడగా ఉంటుందట. అందుకే టీచరు చెప్పేది ఇట్టే అర్థమవుతుంది, వేళ్లు మాత్రం మాట వినవు. 2014లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. పెద్దవాళ్లు కొందరు మూడు నెలల పాటు, వారానికి పదిహేను గంటలకు పైగా డిజిటల్ ఫోటోగ్రఫీ లాంటి రాని పనులు నేర్చుకున్నారు. వాళ్ల జ్ఞాపకశక్తి మెరుగైంది. కలిసి కూర్చుని కాలక్షేపం చేసినవాళ్లలో అంత మార్పు లేదు. అంటే వచ్చిన పనే మళ్లీ మళ్లీ చేస్తే చాలదు, కొంచెం తెల్లమొహం వేయాల్సిందే. నేనైతే పదిహేను గంటలు చేయడం లేదు. చేస్తే ఇంట్లోంచి పంపేస్తారు.

రెండోగంట
నిర్దయ టీచరే మేలండీ. "మీ వయసుకి ఇదే గొప్ప" అన్న చోట ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

నీలిగొడుగు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. చెవులు బాగానే ఉన్నాయట, శ్రద్ధగా వినడమే తక్కువని మా ఆవిడ తీర్మానం. చేతులు కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి తొమ్మిదిసార్లు లేచాను. పదోసారి కుర్చీ నాకంటే ముందు కదిలింది. మీరూ చేస్తే కుర్చీని గోడకి ఆనించండి.

అసలు విషయం, ఇంట్లో కుట్టు మిషన్ ఇరవై ఏళ్లుగా ముసుగేసుకుని కూర్చుంది. నేర్పమని మా ఆవిడని అడిగాను. నా మొదటి దిండు గలీబు నాలుగు వైపులా కుట్టేశాను, దిండు లోపలికి వెళ్లే దారి లేదు. ఆవిడ అంత నవ్వడం ఈ మధ్య చూడలేదు. నిన్న పదకొండు ఎప్పుడు దాటిందో గమనించలేదు.

ఒక సందేహం: గుడ్డ కింద వైపు దారం ఉండలు ఉండలుగా చిక్కుపడుతోంది. బాబిన్ (కింది దారం చుట్టిన చిన్న చక్రం) మూడుసార్లు మార్చాను. మా ఆవిడ నువ్వే కనుక్కో అంటోంది.

అమ్మకూతురు
అమ్మని అడిగానండీ. కింద చిక్కుపడితే తప్పు చాలావరకు పైన ఉంటుందట. బాబిన్ వదిలేసి, సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, పైదారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించమంది. పాదం దించి ఎక్కిస్తే దారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి దిగదట.