పంజాబ్‌లోని అసల్ ఉత్తర్‌లో అబ్దుల్ హమీద్ గారి సమాధి దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు, ఇప్పుడు 78 ఏళ్లు. పరమవీర చక్ర అబ్దుల్ హమీద్ గారి సమాధి ముందు నిలబడి ఒక్కసారి సెల్యూట్ చేయాలని ఆయన కోరిక.

ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌లో, బట్టలు కుట్టి బతికే ఇంట్లో పుట్టిన మనిషి హమీద్. 1954లో సైన్యంలో చేరారు. 1965 యుద్ధంలో అసల్ ఉత్తర్ దగ్గరే ఉన్న ఖేమ్‌కరణ్ ప్రాంతంలో చెరకు తోటల చాటు నుంచి, జీపు మీద బిగించిన గన్‌తో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని పేల్చారు. ఒకదాన్ని కొట్టడం, వెంటనే చోటు మార్చడం, మళ్ళీ ఇంకోదాన్ని కొట్టడం. సెప్టెంబరు 10న గుండు తగిలి ప్రాణం వదిలారు. వయసు 32. ఆ జీపుకి ఉక్కు కవచం కూడా ఉండదురా అంటూ నాన్న ప్రతిసారీ అక్కడే ఆగిపోతారు.

నవంబరులో అమృత్‌సర్ దాకా రైల్లో వెళ్తున్నాం. అక్కణ్ణుంచి బస్సు నయమా, టాక్సీ మాట్లాడుకోవాలా? సరిహద్దుకి దగ్గర కాబట్టి పర్మిషన్ ఏమైనా కావాలా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. అదే నా టెన్షన్. ఇంకొకటి, హమీద్ గారు పేల్చిన ట్యాంకుల లెక్క ఒక్కోచోట ఒక్కోలా రాశారు. ఆయన రెజిమెంట్ గ్రెనేడియర్స్‌లో పనిచేసినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి, మా అబ్బాయికి సరైన లెక్కే చెప్పాలని నాన్న పట్టుదల.