ఊరి పిల్లలకు వేరే పొదుపు గ్రూపు కావాలా, అమ్మ గ్రూపు ఉంటే చాలదా?

కనిగిరి_డిగ్రీ

అందరికీ నమస్కారం. మాది కనిగిరి దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయి రెండేళ్ళయింది. కుట్టుమిషన్లు కొనుక్కోవడానికి 40 వేలు కావాలంటే అమ్మ తన డ్వాక్రా గ్రూపులో అప్పు తీసి ఇచ్చింది. కిస్తీ నెలనెలా నేనే కడుతున్నాను. పుస్తకంలో మాత్రం పేరు అమ్మది. ఆ మధ్య సొంతంగా లోను అడుగుదామని బ్యాంకుకు వెళ్తే "నీకు ఇదివరకు అప్పే లేదు కదమ్మా, ఎలా ఇస్తాం" అన్నారు. పక్కింటి అబ్బాయి బైకు, ఎదురింటి అన్న కోచింగు ఫీజు, అన్నీ ఇలాగే అమ్మల పేరు మీద ఉన్నాయి. మా ఊళ్ళో పిల్లలు అప్పు వాడుతున్నారు, కడుతున్నారు, కానీ వాళ్ళ పేరు ఎక్కడా రాసి లేదు.

అందుకే 14 నెలల కిందట 18 నుంచి 25 ఏళ్ళ మధ్య వాళ్ళం 12 మందిమి కలిశాం. ఏడుగురు అమ్మాయిలు, ఐదుగురు అబ్బాయిలు. మనిషికి వారానికి 50 రూపాయలు. ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు మీద కూర్చుంటాం. 60 వారాలకు పొదుపు 36,000 అయింది. నూటికి రూపాయి వడ్డీకి మాలో మేమే ఇచ్చుకుంటే వడ్డీ 2,140 వచ్చింది. ఇప్పుడు గ్రూపు పేరుతో ఖాతా తెరుద్దామంటే ఊరి డ్వాక్రా గ్రూపులన్నీ కలిసిన గ్రామ సంఘం పెద్దమ్మలు వద్దంటున్నారు. "పెళ్ళయ్యాక అత్తగారి ఊళ్ళో చేరుదురుగానీ, మగపిల్లలు కలిసిన గ్రూపు మాకొద్దు" అంటున్నారు. ఇన్నేళ్ళు సంఘం నడిపిన వాళ్ళ మాట తోసిపారేయలేను. మీరేమంటారు?

కందుకూరు_పొగాకు_రైతు

అమ్మా, నీ పట్టుదల చూస్తే ముచ్చటగా ఉంది. అయినా నేను వద్దనే చెబుతాను.

రైతుల కోసం రైతుమిత్ర గ్రూపులు పెట్టినప్పుడు మా ఊళ్ళో నేనూ సభ్యుణ్ణే. నాలుగైదు నెలలు అందరం వచ్చాం. పొగాకు వేలం మొదలయ్యాక ఎవరి బేళ్ళ గొడవ వాళ్ళది. మళ్ళీ కూర్చున్నది లేదు. ఆడవాళ్ళ సంఘాలు నిలబడ్డాయంటే వాళ్ళు ఊరు దాటి పోకపోవడం ఒక కారణం. మీ వైపు వానల్లేక పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో పోతుంటారు. మీ పన్నెండు మందిలో వచ్చే సంక్రాంతికి ఎంతమంది ఆ అరుగు మీద ఉంటారు?

ఇంకో భయం కూడా ఉంది. 2010కి ముందు సంగతి మీకు తెలియదు, మీరు చిన్నపిల్లలు. సంఘాల్లో క్రమంగా కట్టడం నేర్చుకున్న ఆడవాళ్ళ గడపకే మైక్రోఫైనాన్స్ వాళ్ళు వచ్చారు. ఒకే ఇంట్లో మూడు నాలుగు అప్పులు. వారం తిరిగేసరికి ఇంటి ముందు మనుషులు. చివరికి 2010 అక్టోబరులో వాళ్ళను కట్టడి చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. సంపాదన కుదరని వయసులో పిల్లలను అప్పుకు అలవాటు చేయొద్దు. ముందు పని చూపించాలి.

నెల్లూరు_బుక్‌కీపర్

రైతన్న గారూ, మీ భయం న్యాయమైనదే. నేను 11 ఏళ్ళుగా గ్రామ సంఘంలో పుస్తకాలు రాస్తున్నాను, తెగిన గ్రూపులు నేనూ చూశాను. కానీ సంపాదన కుదిరాకే పొదుపు అంటే నేను ఒప్పుకోను.

మా జిల్లాలో ఇది ఎలా మొదలైందో గుర్తుచేస్తాను. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వచ్చిన దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ తర్వాతే పొదుపు లక్ష్మి పేరుతో రోజుకు ఒక్క రూపాయి దాచడం మొదలైంది. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇళ్ళవి. మా అమ్మ రూపాయిలు వేసిన డబ్బా ఇంకా మా ఇంట్లో ఉంది. అప్పట్లో మగవాళ్ళు "ఈ రూపాయితో ఏమవుతుంది" అన్నారట. ఇప్పుడు మనం పిల్లలతో అదే మాట అంటున్నామేమో చూసుకోవాలి.

ఇక నీకు, చెల్లీ. పొదుపు సంఘాల పంచసూత్రాలు వినే ఉంటావు: వారం వారం సమావేశం, పొదుపు, లోపల అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. వీటిలో పిల్లల గ్రూపు ముందుగా వదిలేసేది ఆఖరిదాన్ని. "వాట్సాప్‌లో ఉందిలే అక్కా" అంటారు. ఫోను పోతే లెక్క పోతుంది. పుస్తకం ఒక్కరి చేతిలోనే పెట్టకుండా మూడు నెలలకొకరు రాయండి.

పెళ్ళయి వెళ్ళిపోయే అమ్మాయి సంగతి ఏం అనుకున్నారు? ఎక్కువ తగాదాలు నేను చూసింది అక్కడే.

కనిగిరి_డిగ్రీ

అక్కా, అదే జరిగింది. మాలో ఒకమ్మాయికి పోయిన నెల పొదిలి వైపు సంబంధం కుదిరి పెళ్ళయింది. దాచుకున్న 3,000 చేతికిచ్చాం. వడ్డీలో వాటా లెక్కేస్తే 178 రూపాయలు. "ఇంతే కదా, వదిలేద్దాం" అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు, ఇచ్చేశాం. కానీ ఆమె రెండుసార్లు అప్పు తీసుకుని గడువుకు ముందే కట్టిన సంగతి మా పుస్తకంలోనే ఉండిపోయింది. అత్తగారి ఊరి సంఘంలో మళ్ళీ కొత్త కోడలిగా మొదటి నుంచీ మొదలుపెట్టాలి. నాకు ఇది చాలా బాధగా ఉంది.

రిటైర్డ్_బ్యాంకు

కొన్ని సంగతులు చెబుతాను, ఉపయోగపడొచ్చు.

పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే బ్యాంకు లింకేజీని 1992లో నాబార్డు మొదలుపెట్టింది. గ్రూపులో ఆడవాళ్ళే ఉండాలన్న నియమం అందులో లేదు. కానీ జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద వచ్చే వడ్డీ రాయితీ మహిళా సంఘాలకే. అందుకే మీ పెద్దమ్మలు మగపిల్లలు వద్దంటున్నారు, వాళ్ళను తప్పుపట్టలేం. సంఘంలో మామూలుగా 10 నుంచి 20 మంది ఉండాలి. మీ అమ్మాయిలు ఇప్పుడు ఆరుగురే అంటే వాళ్ళు విడిగా పెట్టాలన్నా ఇంకో నలుగురు కావాలి. అబ్బాయిలు ఏదైనా పని కలిసి చేసేట్టయితే నాలుగు నుంచి పది మందితో జాయింట్ లయబిలిటీ గ్రూపు (అప్పుకు అందరూ కలిసి బాధ్యులు) ఉంది, అది అడగొచ్చు.

పేరు గురించి అడిగారు. సంఘం అప్పుల్లో సభ్యుల వారీ వివరాలు, ఎవరి అప్పు ఎలా కట్టారో నమోదు చేసే సిబిల్ లాంటి సంస్థలకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2016లోనే చెప్పింది. కానీ బ్యాంకుకు చేరేది తీర్మానంలో ఎవరి పేరున రాస్తే ఆ పేరే. కూతురు వాడిన అప్పు అమ్మ పేరున రాస్తే ఎప్పటికీ అమ్మదే.

అల్లూరు_రొయ్యల_చెరువు

రైతు బాబాయ్, అప్పు అలవాటు చేయొద్దన్నారు. మాకు అలవాటు చేసేసింది ఫోను. నేను చెరువు మీద కాపలా పని చేస్తాను. మా నాన్నకు జ్వరమొస్తే రాత్రికి రాత్రి 10 వేలు కావాల్సి వచ్చి ఒక లోన్ యాప్‌లో పెట్టాను. చేతికొచ్చింది 6,500. వారం లోపల 10,000 కట్టమన్నారు. రెండు రోజులు ఆలస్యమైతే నా ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ, చెరువు యజమానికి కూడా ఫోన్లు. ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. ఆ రోజు అడగడానికి నాకు పది మంది లేరు. మా అమ్మ లేదు, కాబట్టి అమ్మ గ్రూపూ లేదు. అలాంటి వాళ్ళం కూడా ఉన్నామని మర్చిపోవద్దు.

కందుకూరు_పొగాకు_రైతు

నాయనా, నీ సంగతి చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. లోపలి పొదుపు, లోపలి అప్పు, సరే. నేను కూడా అలాంటి దానికి నా కొడుకును పంపుతాను. బ్యాంకు అప్పు మాత్రం రెండేళ్ళ దాకా ముట్టుకోవద్దు. ఊరు విడిచిన వాడి కిస్తీ మిగిలినవాళ్ళు కట్టాల్సొస్తే స్నేహాలు పోతాయి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ అప్పుల్లో అది చూశాను.

నెల్లూరు_బుక్‌కీపర్

రెండేళ్ళు ఎక్కువ. ఆరు నెలలు సరిగ్గా నడిచిన గ్రూపుకే అడిగే అర్హత ఉంటుంది, వీళ్ళు 14 నెలలు నడిపారు. ఊరు విడిచిన వాడి సంగతిలో మాత్రం మీతోనే ఉన్నాను.

కనిగిరి_డిగ్రీ

నిన్న ఆదివారం ఇదంతా అరుగు మీద చదివి వినిపించాను. మూడు తీర్మానాలు రాసుకున్నాం. పని మీద బయటికెళ్ళిన వాళ్ళు ఫోన్‌పేలో పొదుపు కట్టొచ్చు, అప్పు మాత్రం ఊళ్ళో ఉన్నంత కాలమే. పెళ్ళయి వెళ్ళే అమ్మాయికి పొదుపు, వడ్డీ వాటాతో పాటు ఏ అప్పు ఎప్పుడు తీసుకుని ఎప్పుడు కట్టిందో రాసిన కాగితం, అందరి సంతకాలతో ఇవ్వాలి. పొదిలి వెళ్ళినామెకు కూడా పంపుతున్నాం. బ్యాంకు అప్పు ఈ ఏడాది అడగం.

అమ్మాయిలు, అబ్బాయిలు విడిపోవాలా అన్నది మాత్రం తేలలేదు. రాయితీ కోసం విడిపోదామని నలుగురు, వద్దని ఏడుగురు. నేను ఏడుగురిలో ఉన్నాను. వచ్చే ఆదివారం మీటింగుకు గ్రామ సంఘం పెద్దమ్మను రమ్మని అడిగాను. పుస్తకం తెచ్చి చూపించమంది.