విశ్వవిద్యాలయాల పరిశోధన మన చేను గట్టు దాకా వచ్చిందా?

పెనుగొండ రైతు:
అందరికీ నమస్కారం. పెనుగొండ దగ్గర మాకు ఐదెకరాల వరిచేను ఉంది. మా అమ్మాయి వ్యవసాయశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి, ఇప్పుడు ప్లాంట్ బ్రీడింగులో, అంటే కొత్త పంట రకాలను రూపొందించే శాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఆ మాట విని మా బావమరిది, ‘ఇంకో నాలుగేళ్లు కూర్చుని ఆ పిల్ల రాసే పుస్తకం యూనివర్సిటీ బీరువాలో పడి ఉంటుంది బావా, దాంతో నీ చేలో ఒక్క బస్తా అయినా ఎక్కువ పండుతుందా?’ అని అడిగాడు. అమ్మాయి చదువు ఆపే ఉద్దేశం నాకు లేదు గానీ, ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధన వల్ల, బోధన వల్ల మన గోదావరి జిల్లాల్లో మామూలు మనుషుల బతుకులో ఏదైనా మారిందా? గొప్పలు కాకుండా, ఫలానా చోట ఫలానా పని జరిగిందని చెప్పగలిగినవారు చెబితే నాకు మేలు.

విశ్రాంత వ్యవసాయాధికారి, తణుకు:
మీ బావమరిదిగారిని ఒకసారి ఇంట్లో ఉన్న విత్తనాల సంచి తిప్పి చూడమనండి. దాని మీద ఎం.టి.యు. అని, పక్కన ఒక అంకె ఉంటే, ఆ అక్షరాలు మీకు దగ్గర్లోనే ఉన్న మార్టేరువి. 1925లో మొదలైన అక్కడి వరి పరిశోధన కేంద్రం, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని కిందికి వచ్చింది. మనం స్వర్ణ అనే ఎం.టి.యు. 7029, వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచగా అక్కడే పుట్టి 1982లో విడుదలై, మన సార్వా (వానాకాలపు) చేలనే కాక ఒడిశా, బెంగాల్ చేలను కూడా నింపింది. 2000లో వచ్చిన ఎం.టి.యు. 1010కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొర పేరు మీద కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు.

ఈ పని ఎలా జరుగుతుందో నేను దగ్గరగా చూశాను. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోవలసిన వరి పూలను ఎంచి, ఒక్కొక్క గింజ కొనను చిన్న కత్తెరతో కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ చిమటాతో తీసేసి, కంకికి కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దెక్కాక, తండ్రిగా ఎంచుకున్న రకం కంకిని తెచ్చి దాని మీద పుప్పొడి రాలేలా తడతారు. ఇంత చేస్తే దక్కేవి గుప్పెడు గింజలు. వాటి సంతతిని ఏటేటా ఏరుతూ, రకరకాల నేలల్లో పరీక్షిస్తూ రకం విడుదలయ్యేసరికి సుమారు పదేళ్లు పడుతుంది. పీహెచ్‌డీ విద్యార్థి రాసే పుస్తకం ఈ పొడవాటి పనిలో ఒక మెట్టుకు సంబంధించిన లెక్క. బీరువాలో ఉన్నా, తరువాతి వాడు తీసి చూసేది దాన్నే.

ఇంకొక సంగతి. ఒడిశా ప్రాంతపు ఒక పాత వరి రకం రెండు వారాల దాకా నీట మునిగినా మళ్లీ లేస్తుంది. ఆ గుణానికి కారణమైన జన్యువును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు 2006లో వెల్లడించారు. దాన్ని మన స్వర్ణలోకే తెచ్చి రూపొందించిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది.

కౌలు రైతు, ముమ్మిడివరం:
పై వారి మాటలు కాదనను గానీ, విత్తనం ఒక్కటే వ్యవసాయం కాదు. మురుగు కాలువల్లో పూడిక తీయక, ధర గిట్టక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, మంచి రకం లేదని ఎవరూ చేను వదిలెయ్యలేదు. కౌలుదారుకు రైతు సదస్సు కబురు కూడా అందదు. అది భూమి ఉన్నవారికే వెళుతుంది.

అయినా ఒక అనుభవం రాయాలి. ఒక సార్వాలో వరి దుబ్బు రసం పీల్చే సుడిదోమ అనే పురుగు తగిలితే, మందుల కొట్టులో ఇచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందు రెండుసార్లు కొట్టాను. దోమ తగ్గకపోగా చేను గుండ్రంగా, కాలినట్టు ఎండిపోవడం మొదలైంది. అప్పట్లో మా ఊరికి పల్లె పని మీద వచ్చిన వ్యవసాయ కళాశాల విద్యార్థులు, వారి మాస్టారు చేలోకి దిగి, దుబ్బును వంచి మొదలు దగ్గర అరచేత్తో తట్టి, నీళ్ల మీద తేలిన పురుగులను లెక్కపెట్టారు. పిలకల దశలో దుబ్బుకు 10–15, ఈనిన తరువాత 20–25 దాటితేనే మందు కొట్టాలనీ, నేను కొట్టిన మందు దోమను తినే సాలీళ్లను చంపి దోమకే మేలు చేసిందనీ ఆ మాస్టారు చెప్పారు. తరువాతి ఊడ్పులో వారు చెప్పినట్టు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలాను. గాలీ వెలుతురూ లోపలికి పోయాయి, మందు కొట్టవలసి వచ్చినా దుబ్బు మొదలుకు అందింది. కాగితంలో ఎన్నేళ్లు చదివినా నాకు ఎక్కేది కాదు, ఆ పిల్లలు మోకాలు లోతు బురదలో చూపించారు కనుక ఎక్కింది. మీ అమ్మాయి ఏ పట్టా తీసుకున్నా, ఆ దుబ్బును తట్టి చూడడం మరిచిపోకూడదని నా మనవి.

ఉపాధ్యాయుడు, భీమవరం:
వ్యవసాయం కాని ఉదాహరణ ఒకటి. మా ఊళ్లో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో పనిచేస్తూ, రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని సహపరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో వెలువరించారు. ఆ విశ్వవిద్యాలయంలో స్థిరమైన పదవి దక్కక, 1940లో లెడర్లీ అనే మందుల సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన సారథ్యంలోనే డైఇథైల్ కార్బమజైన్ బయటికి వచ్చింది. బోదకాలు నిర్మూలనకు మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రలు ఇవే. ఉబ్బిపోయిన కాలు వాటితో మామూలు కాదు గానీ, రక్తంలోని సూక్ష్మక్రిములను చంపి, దోమ ద్వారా పక్కవారికి పాకకుండా ఆపుతాయి. మా నాయనమ్మ తరంలో వీధికి ఇద్దరు ముగ్గురికైనా ఆ కాలు ఉండేదని విన్నాను. నా తరగతిలోని పిల్లలకు ఆ జబ్బు ఎలా ఉంటుందో బొమ్మ వేసి చూపించవలసి వస్తోంది.

పెనుగొండ రైతు:
అందరికీ కృతజ్ఞతలు. సంచి తిప్పి చూశాను, 1010 అనే ఉంది. ఇన్నేళ్లుగా అది కొట్టువాడు వేసుకున్న నంబరనే అనుకున్నాను. బావమరిదికి ఫోన్లో చెబితే, ‘అయితే పిల్ల పేరు మీద కూడా ఒక రకం వస్తుందేమో’ అని నవ్వి, ఇక మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం కౌలు రైతుగారి మాటను పట్టుకుని, కాలిబాటలు తీస్తే పదకొండో వంతు నేల పోతుందనీ, బాట పక్కన ఉన్న దుబ్బులు ఎక్కువ పిలకలు వేసి ఆ లోటును చాలావరకు పూడుస్తాయనీ లెక్క వేసి చూపించింది. మా చేను కాలువ వెంబడి ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉంది. అలాంటప్పుడు బాటలు ఎటు తీయాలి?

కౌలు రైతు, ముమ్మిడివరం:
చేను ఎటు పొడుగున్నా బాటలు తూర్పు పడమరలుగానే తీయండి. కాకపోతే మీకు తాడు ఎక్కువసార్లు లాగాల్సి వస్తుంది. ఊడ్పు కూలీలతో ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.